చలికాలంలో ఒక బకెట్ వేన్నీళ్ల లెక్క
(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా టేకుమట్లలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 అనగానే మనకు నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, పెన్షన్ అనేది దయతలచి ఇచ్చే భిక్ష కాదు, ఉద్యోగి చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ సంగతులు నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కరువు భృతి బకాయిల గురించి కార్యదర్శి గారు చెప్పారు. రావలసిన పైకం గురించి వారు చెప్పారు గనుక, చేతికి వచ్చిన పైకంలో ఈ నాలుగు నెలలు పోయే ఒక చిన్న ఖర్చు గురించి నేను చెబుతాను. నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన పంతులును. అలవాటు పోదు. బోర్డు, సుద్దముక్క లేవు గనుక మీరు మనసులోనే లెక్క వేసుకోవాలని మనవి.

ఈ మాట ఎట్లా మొదలైందంటే, పోయిన సంక్రాంతి ముందు మన మిత్రులు ఇద్దరు నా దగ్గరికి కరెంటు బిల్లులు పట్టుకొని వచ్చారు. ఇద్దరూ ఒకే దుకాణంలో ఒకే రకం హీటర్ రాడ్ కొన్నారు. ఇద్దరి ఇళ్లల్లోనూ భార్యాభర్తలు ఇద్దరే. రోజుకు రెండు బకెట్ల వేన్నీళ్లు. అయితే ఒకాయన బిల్లు 144 రూపాయలు పెరిగింది, రెండో ఆయన బిల్లు 373 రూపాయలు పెరిగింది. రెండో ఆయన, "సారూ, నా మీటరు ఉరుకుతుంది. దరఖాస్తు రాసియ్యండి, ఆఫీసుల ఇచ్చొస్త" అన్నాడు. నేను కూడా ముందు అదే అనుకున్నాను. తీరా కాగితం మీద పెట్టి చూస్తే మీటర్ల తప్పు లేదు, రాడ్ల తప్పు లేదు. ఆ లెక్క తరువాత చెబుతాను. ముందు ఒక బకెట్ నీళ్లు కాగడానికి ఎంత వేడి కావాలో చూద్దాం.

లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కాలరీ వేడి కావాలి. ఇది మనం ఎనిమిదో తరగతిలో చదువుకున్నదే. తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 20 లీటర్ల బకెట్, 20 డిగ్రీల పెంపు. 20 ఇంతల 20 అంటే 400 కిలో కాలరీలు. కరెంటు ఒక యూనిట్ 860 కిలో కాలరీల వేడి ఇస్తుంది. అంటే బకెట్‌కు అర యూనిట్ కంటే కొంచెం తక్కువ. గాలికి పోయేది కలుపుకొని అర యూనిట్ అనుకోండి. 1500 వాట్ల రాడ్ ఇరవై నిమిషాలు పెడితే సరిపోతుంది. ముప్పావుగంట పెట్టి, పొగలు కక్కే నీళ్లలో మళ్ళీ చన్నీళ్లు కలుపుకొని, మిగిలినవి పారబోసే ఇళ్లు చాలా ఉన్నాయి. మా ఇల్లు కూడా అందులో ఒకటిగా ఉండేది.

ఇప్పుడు ఒక్కొక్క సాధనం తీసుకుందాం.

మొదటిది కట్టెల పొయ్యి. మన చిన్నప్పుడు వాకిట్లో మూడు రాళ్లు, దాని మీద మసిబారిన కాగు. కోడి కూయంగనే అమ్మ లేచి మంట పెట్టేది. కాసేపటికి ఇంట్లోంచి "నీళ్లు కాగినయా?" అని నాయన కేక. ఆ మంట చుట్టే మేము పళ్లు తోముకునేది. అప్పుడు కట్టెకు ఖర్చు లేదు. ఇప్పుడు కూడా పత్తి ఏరిన తరువాత పత్తికట్టె, కందికట్టె చేను నుంచి తెచ్చుకునేవాళ్లకు ఖర్చు లేదు. అయితే కట్టె కొనుక్కునేవారు ఒకసారి ఆలోచించాలి. బయలు పొయ్యిలో మండే కట్టె వేడిలో పదో వంతు, మహా అయితే ఏడో వంతు కాగుకు అందుతుంది. మిగిలింది ఆకాశానికి పోతుంది. ఆ లెక్కన ఒక బకెట్‌కు కిలో కట్టె కావాలి. కిలో అయిదు రూపాయలకు కొన్నా బకెట్‌కు అయిదు రూపాయలు. అంటే కొన్న కట్టె కరెంటు కంటే ప్రియం! నడుమ గొట్టం ఉండే రాగి బాయిలర్ అయితే కొంత నయం, వేడి నీళ్ల మధ్య నుంచే పోతుంది గనుక కట్టె తక్కువ పడుతుంది. ఇక పొగ సంగతి. ఆ పొగ మన అమ్మల ఊపిరితిత్తుల్లోకి పోయింది. దాని ఖరీదు మనం ఎన్నడూ లెక్క వేయలేదు.

రెండోది గ్యాస్ స్టవ్. బకెట్ నీళ్లకు సుమారు 60 గ్రాముల గ్యాస్ కాలుతుంది. 14.2 కిలోల సిలిండర్‌కు 235 బకెట్లు. సిలిండర్ 900 రూపాయలు అనుకుంటే బకెట్‌కు నాలుగు రూపాయలకు కొంచెం తక్కువ. సబ్సిడీ వచ్చేవారికి ఇంకా తక్కువ. కాని సలసల కాగే గిన్నెను వంటింటి నుంచి స్నానాల గదికి మోసుకుపోవడం మన వయసులో మంచిది కాదు. జారితే అయ్యే ఆసుపత్రి బిల్లు ముందు ఈ రూపాయి రెండు రూపాయలు ఎంత?

మూడోది గ్యాస్ గీజర్. గిన్నె ఉండదు, వేడి వృథా తక్కువ. బకెట్‌కు 45 గ్రాములు, అంటే మూడు రూపాయల లోపు. లెక్కలో ఇది బాగానే ఉంటుంది. కాని దీని గురించి వేరే చెప్పాలి, చెబుతాను.

నాలుగోది రాడ్, అయిదోది కరెంటు గీజర్. రెండింటికీ నీళ్లు కాచడానికి పట్టేది దాదాపు అదే అర యూనిట్. తేడా ఎక్కడంటే, గీజర్ స్విచ్ వేసి మరిచిపోతే లోపలి నీళ్లు చల్లారుతూ, అది మళ్ళీ మళ్ళీ ఆన్ అవుతూ రోజంతా తింటూనే ఉంటుంది. ఎర్రలైటు ఆరింది గదా, కరెంటు కాలడం లేదనుకుంటాం. స్నానానికి పావుగంట ముందు వేసి, స్నానానికి పోయేటప్పుడు ఆపివేయడమే పద్ధతి. ఆపితే పొదుపు, పైగా క్షేమం.

ఇప్పుడు మన మిత్రుల బిల్లుల దగ్గరికి వద్దాం. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఇంటి కరెంటు ధరలతో ఈ లెక్క వేశాను. మీ బిల్లు వెనుక ఉన్న ధరలతో సరిచూసుకోండి. నెలకు 100 యూనిట్ల లోపు కాలిస్తే మొదటి 50కి 1.95, తరువాత 50కి 3.10 రూపాయలు. 100 దాటి 200 లోపు అయితే మొదటి 100కి 3.40, మిగిలినవాటికి 4.80. 200 దాటితే మొదటి 200కీ 5.10, ఆపై 300 వరకు 7.70. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ వేరు.

జాగ్రత్తగా వినండి. 200 యూనిట్లు కాలిస్తే 820 రూపాయలు. 201 యూనిట్లు కాలిస్తే 1027 రూపాయల 70 పైసలు. అంటే ఆ ఒక్క యూనిట్ ధర 207 రూపాయల 70 పైసలు! ఎందుకంటే గీత దాటగానే వెనుకటి 200 యూనిట్ల ధర కూడా మారిపోతుంది.

మొదటి మిత్రుడు మామూలుగా 150 యూనిట్లు కాలుస్తాడు. రాడ్‌తో రోజుకు ఒక యూనిట్, నెలకు 30. మొత్తం 180. బిల్లు 580 నుంచి 724కు పెరిగింది. తేడా 144. రెండో ఆయనకు బోరు మోటరు కూడా ఉంది, మామూలుగానే 180 కాలుస్తాడు. 30 కలిస్తే 210. బిల్లు 724 నుంచి 1097కు ఎక్కింది. తేడా 373. అవే నీళ్లు, అదే రాడ్. ఒకరికి బకెట్ 2 రూపాయల 40 పైసలు పడితే, ఇంకొకరికి 6 రూపాయల 20 పైసలు పడింది. మీటర్ ఉరకలేదు, మనమే గీత దాటినం. ఆయన దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చి, లెక్క రాయించుకొని పోయాడు.

మన పిల్లల్లో, బంధువుల్లో తెల్ల రేషన్ కార్డు ఉన్నవారికి ఇది ఇంకా ముఖ్యం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ గీత దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. వారికి ఆ పది యూనిట్లు ఖరీదు వెయ్యి రూపాయల పైచిలుకు.

కాబట్టి నేను చెప్పేది ఏమంటే, రోజుకు ఆరున్నర యూనిట్లు దాటకపోతే నెలకు 200 లోపే ఉంటాం. బిల్లు కొట్టిన ఇరవయ్యో రోజు మీటర్ చూసుకోండి. 130 దాటిందంటే మిగతా పది రోజులు చేయి పట్టి వాడుకోవాలి. ఇందులో మనకు అనుకూలమైన సంగతి ఒకటి ఉంది. చలికాలంలో ఫ్యాన్లు బందు. పాత రకం సీలింగ్ ఫ్యాన్ పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్, నెలకు ఇరవై రెండు. రెండు ఫ్యాన్లు ఆగితే 45 యూనిట్లు మిగిలినట్టే. ఆ మిగులులో రాడ్ ఖర్చు వెళ్లిపోతుంది.

రూమ్ హీటర్ గురించి కూడా అడుగుతున్నారు. 2000 వాట్ల హీటర్ గంటకు రెండు యూనిట్లు. రాత్రి రెండు గంటలు వేసినా నెలకు 120. 150 కాల్చే ఇల్లు 270కి పోతుంది. బిల్లు 580 నుంచి 1559కి. మన ఇళ్లు వేడిని పట్టి ఉంచే ఇళ్లు కావు. హీటర్ ఆపిన పావుగంటకు గది మళ్ళీ చల్లబడుతుంది. బాగా జబ్బు మనిషి ఉంటే తప్ప దాని జోలికి పోవద్దని నా సలహా.

ఇక సోలార్ వాటర్ హీటర్. 100 లీటర్లది సుమారు 20 వేలు అనుకుందాం. ఎండ ఉచితం గదా అని అందరూ తొందరపడి పెట్టిస్తారు. ఇద్దరే ఉన్న ఇల్లు, నాలుగు నెలల వాడకం. 240 బకెట్లు. బకెట్‌కు మూడు రూపాయలు మిగిలినా ఏడాదికి 720. పెట్టిన సొమ్ము తిరిగి రావడానికి దాదాపు ఇరవై ఎనిమిది ఏళ్లు! నూరేళ్లు బతకాలని దీవించుకుందాం గాని, ఈ లెక్క మాత్రం కుదరదు. అదే ఆరుగురు ఉండి, ఏడాదిలో 300 రోజులు వేన్నీళ్లు పోసుకునే ఇంట్లో ఏడాదికి 5400 మిగులుతుంది. నాలుగేళ్లలో పైసలు వాపసు. కాబట్టి కొడుకు, కోడలు, మనుమలతో కలిసి ఉన్నవారు పెట్టించుకోవచ్చు. అయితే మన బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకుంటుంది, మిద్దె మీదికి కోతులు వస్తాయి. ఈ రెండూ ముందే ఆలోచించుకోవాలి.

మిత్రులారా, ఇంతవరకు పైసల లెక్క. ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి చెప్పుకుంటాను.

2017 జనవరిలో మా బిడ్డ కాన్పుకు మా ఇంటికి వచ్చింది. పాప పుట్టి పదిహేను రోజులు. మానేరు మీది నుంచి వచ్చే గాలి చెవులు కోస్తున్నది. బాలింతకు నిప్పుల కుంపటి పెట్టడం మన ఆచారం. మా అమ్మ నాకు, మా చెల్లెళ్లకు పెట్టింది. ఆ రాత్రి మంచం కింద కుంపటి పెట్టి, గాలి రాకుండా కిటికీలు మూసి, పైన వెంటిలేటర్‌లో పాత దుప్పటి కుక్కింది ఎవరో కాదు, నేనే.

అర్ధరాత్రి పాప పాలకు లేవలేదు. ఎప్పుడూ రెండు గంటలకోసారి ఏడ్చే పిల్ల. మా ఇంటామెకు మెలకువ వచ్చి గదిలోకి పోయింది. బిడ్డను లేపితే, "అమ్మా, తల పగిలిపోతుందే, కండ్లు తెరవరావట్లే" అంటున్నది. మా ఇంటామె చదివింది అయిదో తరగతి. ఆమె ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఏందండి చూస్తుండ్రు, గా తలుపు తీయుండ్రి, కిటికీలు తీయుండ్రి!" అని పాపను ఎత్తుకొని వాకిట్లోకి ఉరికింది. నేను కుంపటి బయట పడేసి బిడ్డను నడిపించుకొచ్చాను. చలిగాలిలో కాసేపటికి పాప ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను అరుగు మీద కూలబడిపోయాను. తెల్లవారి ఆసుపత్రిలో చూపించాం. దేవుని దయ వల్ల తల్లీ పిల్లా క్షేమం. ఆ పాప ఇప్పుడు బడికి పోతున్నది.

బొగ్గు చాలినంత గాలి లేక కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. రంగు లేదు, వాసన లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుందని పిల్లల చేత వల్లె వేయించాను. పరీక్షలో ప్రశ్నగా ఇచ్చాను. నా ఇంట్లో మాత్రం దుప్పటి కుక్కాను. మా అమ్మ పెట్టిన కుంపటితో ఏమీ కాలేదు గదా అనుకున్నాను. అప్పుడు మాది పెంకుటిల్లు. పెంకుల సందుల్లోంచి పొగ పోయేది, గాలి వచ్చేది. ఇప్పుడు స్లాబు, సందు లేని కిటికీ. ఇల్లు మార్చుకున్నాం గాని అలవాటు మార్చుకోలేదు.

గ్యాస్ గీజర్ గురించి వేరే చెబుతానన్నది ఇందుకే. చిన్న స్నానాల గదిలో తలుపు మూసుకొని దాన్ని వెలిగిస్తే జరిగేది కూడా ఇదే. పెట్టుకోవాలంటే గది బయట, గాలి ఆడేచోట పెట్టి, వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి తీసుకోవాలి. లోపల పెట్టి మూడు రూపాయల్లో ముప్పావలా మిగిలించుకోవడం కంటే చన్నీళ్ల స్నానం మేలు.

2019 చలికాలంలో న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉన్నాం. అక్కడ వేడి అంటే నీళ్లకు కాదు, ఇల్లంతటికీ. నేలమాళిగలో గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది, గొట్టాల గుండా అన్ని గదులకూ వేడిగాలి వస్తుంది. గ్యాస్ బిల్లు వేసవి కంటే అయిదారు రెట్లు. పక్కింట్లో నూనె కాలుస్తారు, ఇంకొకరింట్లో హీట్ పంప్. నేను ఊరుకోలేక అక్కడ కూడా లెక్క వేశాను. వాళ్లు గ్యాస్‌ను థర్మ్‌లలో కొంటారు. ఒక థర్మ్ అంటే మన 29 యూనిట్ల పైన. ఒక గాలన్ నూనె అంటే సుమారు 40 యూనిట్లు. హీట్ పంప్ అయితే ఫ్రిజ్‌ను తిరగేసినట్టు బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది. ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. కాబట్టి అక్కడ కూడా ప్రశ్న ఇదే: ఎంత వేడి కొన్నాం, అందులో ఎంత మనకు అందింది?

ఆ ఇంట్లో గోడకు చిన్న తెల్లడబ్బా ఉంది. ఏందిరా ఇది అని అడిగితే, "నాన్నా, కార్బన్ మోనాక్సైడ్ వస్తే మొత్తుకుంటుంది" అన్నాడు. వాడికి ఆ రాత్రి సంగతి తెలియదు. నేను మాట్లాడలేదు. వచ్చేటప్పుడు ఒకటి కొని తెచ్చుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు కుంపటి లేదు, ఆ డబ్బా మాత్రం ఉంది.

ఇక చివరగా, ఖర్చు లేని ఉపాయాలు. తెల్లవారి ట్యాంకు నీళ్లు మంచులా ఉంటాయి గాని, బోరు నుంచి అప్పుడే వచ్చిన నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. ఆ నీళ్లే పట్టుకొని కాచుకుంటే మూడో వంతు ఖర్చు తగ్గుతుంది. రెండు, మనకు ఇప్పుడు ప్రార్థనకు గంట కొట్టేవారు లేరు, హాజరు పట్టీ లేదు. పొద్దున ఆరింటికే స్నానం ఎందుకు? పదకొండు గంటలకు ఎండపొడలో పోసుకోండి. పొద్దున్నే చలికి రక్తపోటు కూడా పెరుగుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి పొద్దెక్కిన తరువాత స్నానమే మంచిది. మూడు, గది వేడి చేయడం కంటే మనిషిని వెచ్చగా ఉంచడం చవక. మన కురుమలు నేసిన గొంగడి ఒకటి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది, మీటర్ తిరగదు. తలకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు మరువకండి. షుగర్ ఉన్నవారు పాదాలకు వేడినీళ్ల సంచి పెట్టుకోవద్దు. స్పర్శ తెలియక కాలుతుంది.

రాడ్ వాడేవారికి నాలుగు మాటలు. బకెట్ ప్లాస్టిక్‌ది కావాలి. 1500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది గనుక చిన్న ప్లగ్గులో, ఎక్స్‌టెన్షన్ వైరులో పెట్టవద్దు, పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే కావాలి, దానికి ఎర్త్ ఉండాలి. రాడ్ నీళ్లలో ముంచిన తరువాతే స్విచ్ వేయాలి. నీళ్లు కాగినయా అని వేలు పెట్టి చూసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకాలి. మనుమలు ఇంట్లో ఉన్నప్పుడు స్నానాల గది తలుపు గొళ్లెం పెట్టాలి.

మిత్రులారా, ఈ రాత్రి ఇంటికి పోగానే రెండు పనులు చేయండి. మీటర్ రీడింగ్ క్యాలెండర్ మీద రాసుకోండి. పడుకునే గదిలో వెంటిలేటర్‌కు ఏమైనా అడ్డం పెట్టి ఉంటే తీసేయండి. మొదటి దానివల్ల నెలకు రెండు మూడు వందలు మిగలవచ్చు. రెండో దానివల్ల మిగిలేదానికి నా దగ్గర లెక్క లేదు.